హాస్టల్ అతిథులు హరికథకీ నాటకానికీ కదలాలంటే

మీరు అడిగింది ఇదీ: నెల్లూరు స్టేషన్‌కి దగ్గర్లో ఇరవై పడకల ట్రావెలర్స్ హాస్టల్ నడుపుతున్నారు. చెన్నై, బెంగళూరు వైపు నుంచి శనాదివారాలకి వచ్చే కుర్రకారు ఎక్కువ, అడపాదడపా విదేశీయులు. పగలు మైపాడు బీచ్, సీజన్‌లో నేలపట్టు పక్షులు. సాయంత్రం ఆరు దాటితే అందరూ మంచాల మీద ఫోన్లు పట్టుకుని ఉంటారు. టౌన్‌హాల్లో నాటకమనీ, గుళ్లో హరికథ అనీ బోర్డు రాస్తున్నారు, కౌంటర్ మీద కరపత్రాలు పెడుతున్నారు. ఒక్కరూ కదలడం లేదు.

ఆసక్తి లేక కాదండీ. "టౌన్‌హాల్లో సాయంత్రం 6 గంటలకు పౌరాణిక నాటకం" అని చదివిన మనిషికి బుర్రలో వచ్చే ప్రశ్నలు వేరు. ఎంతసేపు? మధ్యలో లేచి రావచ్చా? టికెట్టా, ఊరికేనా? తెలుగు రానివాణ్ణి రానిస్తారా, వింతగా చూస్తారా? నిక్కరుతో పోవచ్చా? తిరిగి ఎలా రావాలి? అప్పటికి భోజనం ఉంటుందా? ఈ ఏడింటికీ జవాబు దొరక్కపోతే మంచం దిగరు. మీ బోర్డు వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పడం లేదు. కాబట్టి ప్రచారం పెంచే పని వదిలేసి, తీసుకెళ్లే ఏర్పాటు మొదలుపెట్టండి. వారానికి ఒక్క కార్యక్రమం, నలుగురి నుంచి ఎనిమిది మంది, వెంట మీ మనిషి ఒకరు. అంతకు మించి మొదట్లో పెట్టుకోకండి.

ముందు కబురు ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. దినపత్రికల జిల్లా పేజీలో "నేడు" అని వచ్చే చిన్న కాలమ్ పనికొస్తుంది గానీ అది ఆరోజు పొద్దున గదా వచ్చేది, అతిథులకి ముందే చెప్పడానికి వీలుండదు. రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం, అంటే మనందరం టౌన్‌హాల్ అనేది, అక్కడా కస్తూర్బా కళాక్షేత్రంలోనూ హాలు బుకింగ్ చూసేవాళ్లని సోమవారం ఒకసారి వెళ్లి కలవండి. ఫోన్‌లో అడిగితే "ఏదో ఉంది సార్" అంటారు, ఎదురుగా నిలబడితే పుస్తకం తెరిచి చూస్తారు. పల్లెటూళ్ల సంగతులకి మాత్రం మైకుసెట్లు, షామియానాలు అద్దెకిచ్చేవాళ్లని మించినవాళ్లు లేరు. ఏ ఊళ్లో ఏ రాత్రి ఏ నాటకమో వాళ్లకి చాలా ముందే తెలుస్తుంది, ఎందుకంటే బయానా ముందు అందేది వాళ్లకే. పద్యనాటకాలైతే హార్మోనిస్టుని పరిచయం చేసుకోండి. ఒకే హార్మోనిస్టు నాలుగైదు ట్రూపులకి వాయిస్తుంటారు, ఆయన డైరీయే జిల్లా నాటకాల క్యాలెండర్.

గోడ మీద ఫ్లెక్సీ చూసి నమ్మొద్దు. పోయినేడాది ఫ్లెక్సీ అలాగే వేలాడుతుంటుంది, దాని మీద నెల, తేదీ ఉంటాయిగానీ సంవత్సరం చాలాసార్లు ఉండదు. గుడి ఉత్సవాలు తిథిని బట్టి నడుస్తాయి, ఏటా తేదీ మారుతుంది. ఈ ఏటి కరపత్రం చేతిలో ఉంటేనే అతిథికి చెప్పండి.

ఇక టైము. చాలా హాస్టళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. హాల్లో జరిగే కార్యక్రమానికి ఆహ్వానపత్రిక మీద 6 గంటలు అని ఉంటే, ఆ 6 గంటలకి మొదలయ్యేది సభ. జ్యోతి ప్రజ్వలన, వక్తల ప్రసంగాలు, సన్మానాలు, శాలువాలు, జ్ఞాపికలు. గంటకి తక్కువ కాదు, పెద్దలు ఎక్కువైతే గంటన్నర. తెలుగు రాని అతిథిని 6 గంటలకి తీసుకెళ్లి కూర్చోబెడితే అసలు కళ మొదలయ్యే ముందే లేచి వెళ్లిపోతాడు, మళ్లీ ఎప్పుడూ రాడు. నిర్వాహకుల్ని "కార్యక్రమం ఎన్నింటికి" అని అడగొద్దు. "తెర ఎన్నింటికి లేస్తుందండీ?" అని అడగండి. అప్పుడు నిజం చెబుతారు. దానికి పది నిమిషాల ముందు హాల్లో ఉండేలా బయల్దేరండి. పల్లెల్లో తిరునాళ్ల నాటకం "రాత్రి 9 గంటలకు" అని ఉంటే ఊరి జనం భోంచేసి చాపలు పట్టుకుని వచ్చాక, అంటే పదిన్నరకి మొదలై తెల్లవార్లూ సాగుతుంది. దానికి మొత్తం కూర్చోమనడం అన్యాయం. ఒక్క సీను చూపించి తీసుకొచ్చేయండి. ముప్పావుగంట సరిపోతుంది. ఇంకా ఉంటామని వాళ్లే అడిగితే అప్పుడు చూసుకోవచ్చు.

బోర్డు మీద రాయాల్సిన పద్ధతి ఇలా ఉండాలి. అచ్చంగా ఈ వరసలోనే తమిళంలో, హిందీలో, ఇంగ్లీషులో రాయించండి:

"శనివారం, హరికథ. ఒక్క మనిషి నిలబడి పాడుతూ, కథ చెబుతూ, నాలుగు పాత్రలూ తనే ఆడతారు. పక్కన మృదంగం, వయొలిన్. 6:50కి గేటు దగ్గర కలుద్దాం, మీతో పాటు మా మనిషి వస్తారు. 8:45కి తిరిగి బయల్దేరతాం. టికెట్ లేదు. ఆటోకి తలా ఇంత. కూర్చునేది నేల మీద, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, చెప్పులు బయట. పోయేముందు టిఫిన్, వచ్చాక పెరుగన్నం ఇక్కడే."

ఈ పాఠంలో కళ గొప్పదనం గురించి ఒక్క మాట లేదు చూడండి. ప్రాచీనం, అపూర్వం లాంటి మాటలు రాస్తే అతిథికి మ్యూజియం గుర్తొస్తుంది. ఏం కనిపిస్తుందో, ఎన్నింటికి ఇంటికొస్తామో రాస్తే చాలు.

బోర్డు కౌంటర్ దగ్గర వద్దు. చెక్ఇన్ చేసేటప్పుడు మనిషి ఆధార్ కార్డు వెతుక్కుంటూ, స్నానం ఎప్పుడు చేద్దామా అని చూస్తుంటాడు. నీళ్ల ఫిల్టర్ పైన పెట్టండి. సీసా నిండేదాకా నిమిషం నిలబడాలి, ఆ నిమిషంలో ఎదురుగా ఉన్నది చదవక తప్పదు. రెండో చోటు చెప్పుల స్టాండ్ పైన. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు మీద ఆధారపడకండి. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది, రెండు రోజులుండి పోయేవాళ్లు సేవ్ చేసుకోరు. ఒక్కొక్కరికి విడిగా, సాయంత్రం నాలుగింటికి పంపండి. బీచ్ నుంచి తిరిగొస్తూ రాత్రి ఏం చేద్దామని ఆలోచించేది ఆ వేళకే.

అన్నిటికన్నా పనిచేసేది పొద్దున టిఫిన్ దగ్గర నోటిమాట. "ఈరోజు హరికథ ఉంది" అంటే తలూపి ఊరుకుంటారు. "రాత్రి మేం ఇద్దరం వెళ్తున్నాం, ఆటోలో చోటుంది, వస్తారా?" అంటే లెక్క మారిపోతుంది. మొదటి ఇద్దరు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు బోర్డు కింద సుద్దముక్కతో రాయండి. పేర్లు చూసి మూడో మనిషి వస్తాడు.

చెన్నై అతిథులకి హరికథ గురించి చెప్పేటప్పుడు ఒక్క వాక్యం కలపండి: గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథలు చెప్పినవారే. తమిళులకీ కన్నడిగులకీ బాలు గారు ఇంటి మనిషి. ఆ గొంతు ఏ వాకిట్లో పెరిగిందో చూద్దామన్న కోరిక వాళ్లలో నిజంగా పుడుతుంది, అది వట్టి ఆకర్షణ మాట కూడా కాదు.

ఏ కళ ఎవరికి అన్నది తేల్చుకోవాలి. భాష బొత్తిగా రానివాళ్లకి మొదట తోలుబొమ్మలాట. మన బొమ్మలు నాలుగు నుంచి ఆరడుగుల దాకా ఉంటాయి, మేకతోలు పలచగా గీరి రెండు వైపులా రంగులద్దుతారు, వెనక దీపం పెడితే ఆ రంగులు తెర మీద అద్దంలా మెరుస్తాయి. హాస్యపాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క తగవులాడుకుంటుంటే భాష రాకపోయినా నవ్వొస్తుంది. ఆడే మేళాలు తగ్గిపోయాయి గనక ఎక్కడైనా ఆట ఉందని తెలిస్తే మిగతావన్నీ పక్కనపెట్టి దానికే తీసుకెళ్లండి. తరవాత కోలాటం, చెక్కభజన. చూడటం కన్నా కలవడం బాగుంటుంది, గురువుగారు ఒప్పుకుంటే చివరి పది నిమిషాలు అతిథులకి కోలలిస్తారు. బుర్రకథ లయ మీద నడుస్తుంది. భుజాన తంబురా, వేళ్లకి అందెలు, పక్కన గుమ్మెటలతో ఇద్దరు వంతలు, అంటే వంత పాడేవాళ్లు. ముప్పై, నలభై నిమిషాలు భాష లేకపోయినా లాక్కెళ్తుంది, ఆ తరవాత కథ తెలియకపోతే అలసట వస్తుంది. హరికథ, పద్యనాటకం కథ తెలిసినవాళ్లకే.

కథ తెలియజేయడం పెద్ద పనేం కాదు. బయల్దేరే ముందు టిఫిన్ తింటుండగా ఐదు వాక్యాలు చాలు. హరిశ్చంద్ర కాటి సీను అనుకోండి. అబద్ధం ఆడనన్న రాజు విశ్వామిత్రుడి అప్పు తీర్చడానికి భార్యనీ కొడుకునీ అమ్మాడు. తనూ అమ్ముడుపోయి శ్మశానానికి కాపలాదారయ్యాడు. ఒకరాత్రి ఒక తల్లి పాము కరిచి చనిపోయిన కొడుకుని మోసుకొచ్చింది. సుంకం కడితే గానీ కాల్చనివ్వనన్నాడు, ఆమె దగ్గర దమ్మిడీ లేదు. ఆ వచ్చింది తన భార్యేనని అతనికి మెడలో సూత్రం చూసి తెలుస్తుంది. ఇంతే. ఇది విన్న అతిథి రాగం తీస్తున్నప్పుడు ఎందుకు తీస్తున్నారో పట్టుకుంటాడు. జనం "వన్స్ మోర్" అని అరిస్తే నటుడు ఏడుపు ఆపి మళ్లీ అదే పద్యం మొదటి నుంచి అందుకుంటాడని ముందే చెప్పండి, లేకపోతే ఏదో పొరపాటు జరిగిందనుకుంటారు.

హాల్లోనో పందిట్లోనో పక్కన కూర్చుని మాటామాటా అనువదించొద్దు. ముందు వరస పెద్దవాళ్లకి కోపం వస్తుంది, అది న్యాయమైన కోపం. హరికథలో భాగవతారు, అంటే కథకుడు, పిట్టకథ అందుకున్నప్పుడు జనం నవ్వుతారు, ఆ నవ్వు తగ్గాక ఒక్క ముక్కలో చెవిలో చెప్పండి. చాలు. హరికథకి పక్క వైపు, గోడకి దగ్గరగా కూర్చోబెడితే కాళ్లు నొప్పెట్టినవాళ్లు ఎవరికీ అడ్డం రాకుండా లేవొచ్చు. కథకుడి ముందు నుంచి అడ్డంగా నడవొద్దని, అటు కాళ్లు చాపొద్దని చెప్పి ఉంచండి. పద్యనాటకానికి హార్మోనియం ఉన్న పక్కన చోటు చూడండి. గాయకుడు శ్రుతి అందుకోవడం, హార్మోనిస్టు కళ్లతో ఆయన్ని వెంబడించడం దగ్గర నుంచి చూస్తే తెలుగు రానివాళ్లు కూడా కదలకుండా కూర్చుంటారు. లౌడ్‌స్పీకర్ ఎదురుగా మాత్రం వద్దు.

ఫోటోల విషయం కాస్త గట్టిగా చెప్పాలి. తోలుబొమ్మలాటలో వెలుగు తెర వెనక నుంచి వస్తుంది. ముందు నుంచి ఫ్లాష్ కొడితే తెర మీద తెల్లటి మచ్చ తప్ప బొమ్మ కనిపించదు, ఫోటో పాడు, చూసేవాళ్ల కళ్లు పాడు. ఫ్లాష్ ఆపితే బొమ్మ అందంగా వస్తుంది. ఆట అయ్యాక మేళం పెద్దని అడిగి తెర వెనక ఐదు నిమిషాలు చూపించండి. "అయ్యా, వీళ్లు బొమ్మలు చూస్తామంటున్నారు" అంటే సంతోషంగా చూపిస్తారు. మేకప్ గదిలోకి మాత్రం అడక్కుండా పోకూడదు.

డబ్బు సంగతి. పల్లె నాటకాల్లో పద్యం నచ్చినవాళ్లు నోటు ఇస్తే మైకులో పేరు చదువుతారు, అవే చదివింపులు. అతిథి అది చూసి ఒకరు పది రూపాయలు, ఒకరు రెండువేలు తీస్తారు. రెండూ ఇబ్బందే. ముందే తలా కొంత వేసుకుని మీ హాస్టల్ పేరున నూటపదహార్లో ఐదువందల పదహార్లో ఒక్కసారి చదివించండి. చివర పదహారు ఎందుకో అతిథులకి చెబితే దానికే మురిసిపోతారు. హరికథలో హారతి పళ్లెం వస్తుంది, అందులో ఎవరికి తోచింది వాళ్లు. మీరు మాత్రం ఆటో ఖర్చు, టిఫిన్ ఖర్చు తప్ప పైసా వేసుకోకండి. ఊరు ఉచితంగా పెట్టుకున్న కథకి హాస్టల్ టికెట్ కొట్టిందని ఒక్కసారి బయటికి పొక్కితే, మళ్లీ మీ అతిథులకి చాప పరిచేవాళ్లు ఉండరు.

తిరుగు ప్రయాణం పోయేముందే మాట్లాడుకోవాలి. ఆటోకి ముగ్గురు, ఆరుగురికి రెండు ఆటోలు. వెయిటింగ్‌తో కలిపి ముందే రేటు తేల్చి సగం చేతిలో పెట్టండి, మిగతా సగం హాస్టల్ గేటు దగ్గర. పల్లెలో రాత్రి పదకొండింటికి ఆటో దొరకదు. అతిథి జేబులో చిన్న కార్డు ఉండాలి, తెలుగులో: "అన్నా, ఈ మనిషిని ఫలానా వీధిలో ఫలానా గుర్తు దగ్గర హాస్టల్‌కి చేర్చు" అని, కింద మీ నంబరు. గుంపు నుంచి తప్పిపోయినవాళ్లకి గూగుల్ మ్యాప్ కన్నా ఈ కార్డు పనిచేస్తుంది. ఎన్నింటికి లేస్తామో బయల్దేరేటప్పుడే అందరి ముందూ చెప్పండి, ఒక్కరు ముందుగా వెళ్తానంటే వాళ్లతో ఎవరు వెళ్తారో కూడా. మీ మనిషి మిగతావాళ్లతో ఉండిపోవాలి గనక, తోడు ముందే తేలకపోతే ఒంటరిగా పంపాల్సి వస్తుంది, అది తప్పు.

భోజనం లెక్క కూడా చూసుకోండి. గుడి కార్యక్రమం ఉన్న రోజు చేపల పులుసు పెట్టకండి. తిని గుడికి రావడం మనవాళ్లలో చాలామందికి పట్టింపు, అతిథికి తెలియక తింటే మీదే పొరపాటు. ఆ సాయంత్రం కారందోశ, గుడి లేని హాల్ కార్యక్రమం రోజు పులుసు.

మీ హాస్టల్ మేడ మీదే పెట్టుకోవాలని ఉంటే బుర్రకథ తేలిక, ముగ్గురే. కోలాటానికి జంటలు కావాలి గనక సరిసంఖ్య మనుషులు, తిరగడానికి పాతిక అడుగుల చోటు. తోలుబొమ్మలాటకి చీకటి ముఖ్యం, ఎదురుగా వీధిదీపం పడితే తెర చచ్చిపోతుంది. కళాకారుల్ని "పదిహేను నిమిషాల్లో కానివ్వండి" అనకండి. "ముప్పావుగంటలో విడిగా నిలబడే ఘట్టం ఏదండీ?" అని వాళ్లనే అడగండి. వాళ్లు చెప్పిన పారితోషికం బేరమాడకుండా, దారి ఖర్చు, భోజనం కలిపి, బయానా ముందిచ్చి, మిగతాది మంగళహారతి అవగానే ఇవ్వండి. ముప్పైమందికి మైకు అక్కర్లేదు, డప్పు ఒక్కటే వీధంతా వినిపిస్తుంది. మైకు పెడితే పోలీస్ స్టేషన్‌లో అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకి, సాంస్కృతిక సందర్భాలకి అర్ధరాత్రి దాకా సడలింపు ప్రభుత్వం ఇవ్వొచ్చు గానీ అది ఏడాదికి 15 రోజులు మించదు. మీ మేడకి ఆ సడలింపు వర్తిస్తుందని ఊహించుకోకండి.

ఏడాదిలో మంచి కాలం మహాశివరాత్రి నుంచి వైశాఖం దాకా. శివరాత్రి జాగరణ కార్యక్రమాలు, ఫాల్గుణంలో పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి బ్రహ్మోత్సవాలు, శ్రీరామనవమి పందిళ్లలో హరికథలు, వైశాఖంలో జొన్నవాడ కామాక్షమ్మ, పెంచలకోన ఉత్సవాలు. ఒంగోలు వైపు వెళ్లే అతిథులుంటే ఎడ్ల బండలాగుడు పోటీల గురించి కనుక్కోండి, చాలాచోట్ల పోటీ జరిగే తిరునాళ్లలోనే రాత్రికి నాటకం ఉంటుంది. ఉగాది కవి సమ్మేళనానికి భాష రానివాళ్లని తీసుకెళ్లకండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వాన, ఆరుబయట ఏదీ ఖాయం కాదు, హాళ్ల మీదే ఉండండి. మొహర్రంలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ వేరే సంగతి. కోరికలు తీరాలని, తీరాయని జనం నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. అది ప్రదర్శన కాదు, మొక్కు. అడిగినవాళ్లకి దారి చెప్పండి, ఇద్దరు ముగ్గురుగా పొద్దున పంపండి, బోర్డు మీద మాత్రం రాయకండి.

చివరి నిమిషంలో కార్యక్రమం రద్దవడం మామూలే, కరెంటు పోవడం ఇంకా మామూలు. సాయంత్రం ఐదింటికి నిర్వాహకుడికి మళ్లీ ఒక ఫోన్ చేసి, ఆ తరవాతే ఆటో పిలవండి. రద్దయితే బోర్డు మీద కొట్టేసి "ఈరోజు లేదు" అని రాయండి, తుడిచేయకండి. తుడిచేస్తే రేపటి బోర్డుని కూడా నమ్మరు.

లెక్క కోసం ఒక పాత నోట్‌బుక్ పెట్టండి. ఆ రాత్రి హాస్టల్‌లో ఎందరున్నారు, ఎందరు వచ్చారు, ఎన్నింటికి లేచారు. ఆరు వారాలు రాస్తే ఏ కళకి ఎవరు చివరిదాకా కూర్చుంటున్నారో కనిపిస్తుంది. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర "ఎలా ఉంది" అని అడిగితే అందరూ బాగుందంటారు. "ఎక్కడ లేచిపోదామనిపించింది?" అని అడిగి, ఆ జవాబుని ఆ పక్కనే రాసుకోండి.